మేము అద్దెకుంటున్న చర్చి వాళ్ళు పార్కింగ్‌లో పేదలకి ఫ్లాట్లు కడతారట, మీటింగ్‌లో మేం ఏం అడగాలి?

ఆదివారం_రెండింటికి

అందరికీ వందనాలు. మాది కాలిఫోర్నియా ఆరంజ్ కౌంటీలో చిన్న తెలుగు సంఘం, సొంత మందిరం లేదు. ఒక పాత మెథడిస్ట్ చర్చిలో అద్దెకుంటాం. పొద్దున వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం రెండింటికి మాది, సాయంత్రం కొరియన్ వాళ్ళది. చాలా మంచివాళ్ళు, మా బిర్యానీ వాసన మర్నాటికి కూడా హాల్లోనే తిరుగుతున్నా ఏనాడూ ఒక్క మాట అనలేదు. కాకపోతే వాళ్ళలో మిగిలింది ముప్ఫై నలభై మంది, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. స్థలం మాత్రం రెండెకరాల పైనే ఉంది. ఒకప్పుడు ఆదివారం వస్తే కారు పెట్టడానికి చోటుండేది కాదట, ఇప్పుడు వెనక పార్కింగ్‌లో తారు పగిలి గడ్డి మొలిచింది, మామూలు రోజుల్లో అక్కడ మనిషే కనపడడు.

ఇప్పుడు సంగతేంటంటే, ఆ వెనక పార్కింగ్, పాత సండే స్కూల్ బిల్డింగ్ తీసేసి అక్కడ మూడంతస్తుల్లో అరవైకి అటూ ఇటూగా ఫ్లాట్లు కట్టాలని వాళ్ళు అనుకుంటున్నారు. తక్కువ జీతాల వాళ్ళకి తక్కువ అద్దెకి ఇస్తారు. అందులో కొన్ని మాత్రం ఇన్నాళ్ళూ కార్లలో, ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్ళకి, వాళ్ళకి తోడుగా అదే బిల్డింగ్‌లో సిబ్బంది ఉంటారట. మందిరం అలాగే ఉంటుంది. అద్దెకున్న సంఘాల వాళ్ళని కూడా పిలిచి మాట్లాడతామన్నారు, మా పాస్టర్ గారు నన్ను వెళ్ళమన్నారు.

మా సంఘంలో ఈ మాట తెలిసిన దగ్గర్నుంచి ఒకటే గొడవ. పిల్లలున్న వాళ్ళకి టెన్షన్, ఎవరొస్తారో ఏంటోనని. ఇంకొందరేమో ప్రసంగాల్లో ఒకటి చెప్పి పార్కింగ్ దగ్గరికొచ్చేసరికి ఇంకోటి అంటామా అని నిలదీస్తున్నారు. మా మామయ్య గారైతే, ఊళ్ళో చర్చి స్థలాలు ఏమయ్యాయో చూశాం, డెవలపర్ అనేవాడు అడుగు పెట్టాడంటే పదేళ్ళకి చర్చి కూడా ఉండదు అని తేల్చేశారు. అసలు చట్టం దీనికి ఒప్పుకుంటుందా? భూమి ఎవరి చేతిలో ఉంటుంది? అద్దెకున్న మాలాంటి వాళ్ళ మాటకి విలువ ఉంటుందా? మన ఎంఎస్ పిల్లలు అద్దెల దెబ్బకి ఒక్కో గదిలో నలుగురేసి ఉంటున్నారు, వాళ్ళకేమైనా దొరుకుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కంకర_ఇసుక

బ్రదర్, నేను ఇలాంటి ఇళ్ళు కట్టే ఒక నాన్‌ప్రాఫిట్‌లో ప్రాజెక్టులు చూస్తుంటాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

చట్టం ఒప్పుకుంటుంది, ఒప్పుకోవడమే కాదు, దారి కూడా వేసి పెట్టింది. 2023లో కాలిఫోర్నియాలో ఎస్‌బీ 4 అనే చట్టం చేశారు, స్కాట్ వీనర్ అనే సెనేటర్ తెచ్చింది, 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. చర్చి, గుడి, మసీదు, గురుద్వారా, లాభాపేక్ష లేని కాలేజీ, ఎవరైనా సరే, 2024 జనవరి 1 నాటికి తమ పేరు మీద ఉన్న స్థలంలో తక్కువ ఆదాయం వాళ్ళకి ఇళ్ళు కడతామంటే, ఆ స్థలం జోనింగ్, అంటే అక్కడ ఏం కట్టొచ్చని సిటీ పెట్టిన రూలు, వేరే ఉన్నా సరే, చట్టంలో రాసిన కొలతల ప్రకారం ఉంటే సిటీ ఆమోదించాల్సిందే. కౌన్సిల్‌లో ఓటింగ్ ఉండదు, పర్యావరణ సమీక్ష పేరుతో ఏళ్ళ తరబడి లాగడం ఉండదు. ఇది 2036 దాకానే, ఆ తర్వాత పొడిగిస్తారో లేదో అప్పటి సంగతి. ఎందుకు చేశారంటే స్థలం అంత ఉంది మరి. బర్క్‌లీ యూనివర్సిటీ టెర్నర్ సెంటర్ వాళ్ళు 2023లో లెక్కేస్తే మత సంస్థలు, ఇలాంటి కాలేజీల దగ్గర ఇళ్ళు కట్టడానికి పనికొచ్చే భూమి రాష్ట్రం మొత్తం మీద లక్షా డెబ్బై వేల ఎకరాలు దాటింది.

దీనికి బదులుగా చట్టం అడిగేది కూడా గట్టిగానే ఉంది. ఫ్లాట్లన్నీ తక్కువ ఆదాయం వాళ్ళకే ఇవ్వాలి. ఐదో వంతు దాకా మధ్యస్థ ఆదాయం వాళ్ళకి ఇవ్వొచ్చు, నూటికి ఐదు చర్చి సిబ్బందికి ఇవ్వొచ్చు, అంతే. అద్దె ఇళ్ళయితే 55 ఏళ్ళ పాటు ఆ మాట మీదే ఉండాలని దస్తావేజులో రాయిస్తారు. కాబట్టి పదేళ్ళకి లగ్జరీ అపార్ట్‌మెంట్లు అయిపోతాయని మీవాళ్ళు భయపడక్కర్లేదు.

ఇక భూమి. మీ మామయ్య గారి అనుమానం తప్పని నేననను. కానీ ఇక్కడ ఎక్కువమంది చర్చి వాళ్ళు చేసేది అమ్మకం కాదు, లీజు. భూమి చర్చి పేరునే ఉంటుంది, దాని మీద బిల్డింగ్ కట్టుకుని నడుపుకోవడానికి నాన్‌ప్రాఫిట్‌కి 55 నుంచి 99 ఏళ్ళ దాకా రాసిస్తారు. గడువు అయ్యాక భూమి, మామూలుగా దాని మీద బిల్డింగ్ కూడా, చర్చికే తిరిగొస్తాయి. పైగా మీ వాళ్ళు మెథడిస్టులు అన్నారు. యునైటెడ్ మెథడిస్ట్ చర్చిల్లో ఆస్తి స్థానిక సంఘం పేరు మీద ఉన్నా మొత్తం డినామినేషన్, అంటే ఆ చర్చి శాఖ అంతటి తరఫున ట్రస్ట్ కింద ఉన్నట్టు లెక్క, పైవాళ్ళ సంతకం లేకుండా నలుగురు పెద్దలు కూర్చుని ఎవరికో రాసిచ్చేయడం కుదరదు. స్వతంత్ర సంఘాలకి ఆ కాపలా ఉండదు, వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మీ చుట్టుపక్కలే చూడొచ్చు. గార్డెన్ గ్రోవ్‌లో మెథడిస్ట్ చర్చి స్థలంలో వెస్లీ విలేజ్ అని 47 ఇళ్ళు 2017లో వచ్చాయి, పెద్దవాళ్ళు, పిల్లలున్న కుటుంబాలు ఒకే ఆవరణలో ఉంటారు. శాంటా అనాలో మెథడిస్ట్ చర్చి ఉన్న చోటే లెగసీ స్క్వేర్ అని 93 ఫ్లాట్లు, అందులో 33 ఇల్లు లేక బయట బతికినవాళ్ళ కోసం. మీవాళ్ళని ఒక శనివారం కారెక్కించుకుని ఆ రెండు చోట్లా తిప్పుకు రండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

డబ్బు గురించి ఒక్క మాట, ఎందుకంటే అందరూ చర్చి కానుకల్తో కడతారనుకుంటారు. 1986లో వచ్చిన ట్యాక్స్ క్రెడిట్ పద్ధతి ఉంది. ప్రభుత్వం ఇచ్చే పన్ను మినహాయింపుని బ్యాంకులు, పెద్ద కంపెనీలు కొనుక్కుంటాయి, ఆ డబ్బుతో చాలా భాగం కట్టేస్తారు, మిగతాది కౌంటీ, రాష్ట్రం, బ్యాంకు లోను. ఈ క్రెడిట్ల కోసం పోటీ విపరీతం. అందుకే ఈ రోజు మీటింగ్ పెట్టారంటే తాళాలు ఇచ్చేది రేపో ఎల్లుండో కాదు, నాలుగైదేళ్ళు మామూలు, ఆరేడేళ్ళు పట్టినవి కూడా చూశాను. కాబట్టి మీ సంఘానికి ఆలోచించుకునే టైమ్ ఉంది.

మీటింగ్‌లో మీరు తప్పకుండా అడగాల్సింది, చర్చికి లీజు డబ్బు ఎలా వస్తుందని. ఏడాదికింత అని రాసుకుంటే ఒక లెక్క, ముందే ఒకేసారి తీసుకుంటే ఇంకో లెక్క. బిల్డింగ్ ఖర్చులన్నీ పోను మిగిలితే ఇస్తాం అని రాస్తే మాత్రం చాలా ఏళ్ళు చేతికి ఏమీ రాకపోవచ్చు. అప్పుడు ఆ ముప్ఫై మంది ముసలివాళ్ళు మందిరం కరెంటు బిల్లు దేంతో కడతారు? మీ అద్దె పెంచి. అందుకని అది మీకు కూడా సంబంధించిన విషయమే.

ఎదురింటాయన

నేను క్రైస్తవుణ్ణి కాదు, ఈ థ్రెడ్‌లో నా మాట ఎవరికీ నచ్చకపోవచ్చు, అయినా చెప్తా. మా వీధి చివర ఒక చర్చి వాళ్ళు ఇలాంటిదే కడుతున్నారు. మాకు తెలిసింది ఎప్పుడంటే, సర్వే వాళ్ళు వచ్చి కర్రలు పాతి గులాబీ రంగు రిబ్బన్లు కట్టినప్పుడు. ఏంటని వెళ్ళి అడిగితే పబ్లిక్ హియరింగ్ అక్కర్లేదండీ, చట్టం అలా ఉంది అన్నారు. పైన ఆయన రాసింది చదివితే కౌన్సిల్ ఓటింగ్ లేకపోవడం గొప్ప విషయంలా ఉంది, మా వైపు నుంచి చూస్తే అది మా నోరు కట్టేయడమే. ముప్ఫై ఏళ్ళ లోను నెత్తిన పెట్టుకుని కొన్నాం, రాత్రి పదింటికి కూడా మా ఆవిడ ఒక్కతే వాకింగ్‌కి వెళ్ళొచ్చే వీధి ఇది. ఇంటి విలువ పడిపోతే ఎవరిస్తారు? పేదవాళ్ళకి ఇల్లు వద్దని నేనట్లేదు. మమ్మల్ని కూడా ఒక మాట అడిగి ఉండాల్సింది అంటున్నా.

కంకర_ఇసుక

అండీ, మీ కోపంలో న్యాయం లేదని అనను. చట్టం హియరింగ్ అక్కర్లేదు అందంటే చుట్టుపక్కల వాళ్ళకి చెప్పొద్దని అర్థం కాదు, బుర్ర ఉన్న చర్చి ఎవరైనా ముందే ఇరుగుపొరుగుని పిలిచి టీ ఇచ్చి మాట్లాడతారు. మీ దగ్గర అది చేయలేదు, అది వాళ్ళ తప్పే. కాకపోతే హియరింగులు ఉన్న రోజుల్లో ఏం జరిగేదో నేను దగ్గర్నుంచి చూశాను. రెండేళ్ళు మీటింగులు నడిచేవి, ప్రతి మీటింగ్‌కీ ఒక అంతస్తు తగ్గేది, చివరికి లెక్క కుదరక ప్రాజెక్టే పోయేది.

ఇంటి విలువ సంగతి, ఉన్నదున్నట్టు చెప్తా. స్టాన్‌ఫర్డ్‌లో రెబెకా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్ అని ఇద్దరు ఇదే ట్యాక్స్ క్రెడిట్ ఇళ్ళ మీద పెద్ద పరిశోధన చేశారు. పేద ప్రాంతాల్లో ఇలాంటి బిల్డింగ్ వస్తే పక్కనున్న ఇళ్ళ ధరలు సుమారు 6.5 శాతం పెరిగాయి, నేరాలు కూడా తగ్గాయి. డబ్బున్న, ఎక్కువగా తెల్లవాళ్ళే ఉండే ప్రాంతాల్లో బాగా దగ్గరున్న ఇళ్ళకి సుమారు 2.5 శాతం తగ్గాయి. అంటే అస్సలు ప్రభావం ఉండదని మావాళ్ళు చెప్పేదీ పూర్తి నిజం కాదు, వీధి మునిగిపోతుందని మీవాళ్ళు చెప్పేదీ కాదు.

ఎంఎస్ పిల్లల గురించి అడిగారు కదా, ఆశ పెట్టుకోవద్దని చెప్పండి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే ట్యాక్స్ క్రెడిట్ ఇళ్ళకి మామూలుగా అర్హత ఉండదు, కొన్ని మినహాయింపులున్నాయి గానీ మనవాళ్ళలో చాలామందికి పనికొచ్చేవి కావు. హెచ్1 మీద ఉద్యోగం వచ్చాక చాలామందికి జీతం పరిమితి దాటిపోతుంది. ఇంకో మాట, చర్చి స్థలం కదా అని చర్చి సభ్యులకి ముందు ఇవ్వడం కూడా కుదరదు. ప్రభుత్వ డబ్బు పడ్డాక మతం చూసి ఇస్తే ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒప్పుకోదు, దరఖాస్తులు తీసుకుని లాటరీ వేస్తారు. మన సంఘం వాళ్ళకి పది ఫ్లాట్లు అడుగుదాం అని మీటింగ్‌లో ఎవరూ లేవకుండా చూసుకోండి.

నర్సమ్మ_లాంగ్‌బీచ్

పిల్లలున్న వాళ్ళ భయం గురించి నేను చెప్తా. నర్సుగా రిటైరయ్యాక రెండేళ్ళు ఒక సపోర్టివ్ హౌసింగ్ బిల్డింగ్‌లో, అంటే ఇల్లు లేక బయట బతికినవాళ్ళకి ఇల్లూ, తోడుగా సిబ్బందీ ఉండే చోట, పనిచేశాను. అందరూ అనుకునేది డ్రగ్స్, గొడవలు. ఉంటాయి, లేవని చెప్తే అబద్ధం అవుతుంది, అంబులెన్స్ రాని నెల ఉండేది కాదు. కానీ నా రోజులో ఎక్కువ భాగం పోయింది వేరే వాటి మీద.

ఎన్నో ఏళ్ళు బయట పడుకున్న మనిషికి తాళం చేతిలో పెడితే వెంటనే ఇంటి మనిషి అయిపోడు. ఒక పెద్దాయన మొదట్లో మంచం మీద పడుకునేవాడు కాదు. తలుపు దగ్గర నేల మీద, బూట్లు వేసుకునే, సంచీ తల కింద పెట్టుకుని పడుకునేవాడు. ఎవరో వచ్చి లేపి వెళ్ళిపొమ్మంటారని. ఇంకో ఆవిడ స్టవ్ వెలిగించడానికి భయపడి చల్లటి డబ్బా తిండే తినేది, నేను పక్కన నిలబడి రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టించేదాన్ని. షుగర్ మందులు ఏ పూట ఏవి వేసుకోవాలో డబ్బాలో సర్దడం, ఫుడ్ స్టాంపుల కాగితం గడువు దాటకుండా పంపించడం, పోయిన ఐడీ కార్డు మళ్ళీ తెప్పించడం, పక్క ఫ్లాట్ వాళ్ళ టీవీ సౌండ్ మీద పంచాయితీ చెప్పడం, పని అంటే ఇదీ. ఊరికే ఎవరూ ఉండరు అక్కడ, అద్దె కడతారు, ప్రభుత్వం ఇచ్చే అద్దె వోచర్ ఉన్నవాళ్ళు వాళ్ళకొచ్చే దాంట్లో సుమారు 30 శాతం, మిగతాది ప్రభుత్వం వేస్తుంది.

అందుకని మీటింగ్‌లో మీరు ఫ్లాట్లు ఎన్ని అని కాదు, కేస్ మేనేజర్లు, అంటే ఒక్కొక్కరి మంచిచెడ్డలు దగ్గరుండి చూసుకునే సిబ్బంది, ఎంతమంది అని అడగండమ్మా. ఒక్కొక్కరికి ఇరవై మంది లోపు ఉంటే మనుషుల్ని పేరుతో పిలవగలరు. నలభై మందిని ఒక్కరి మీద వేస్తే ఆ అమ్మాయి ఏడాది తిరక్కుండా మానేస్తుంది, కొత్తమ్మాయి వస్తుంది, మళ్ళీ మొదటికి. రాత్రిపూట డెస్క్ దగ్గర మనిషి ఉంటాడా, సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేసి వెళ్ళిపోతారా? ఆ జీతాల డబ్బు ఎన్నేళ్ళకి కుదిరింది? ఇదే అసలు కిటుకు. బిల్డింగ్ కట్టడానికి డబ్బు ఒకసారి వస్తుంది, సిబ్బంది జీతాల డబ్బు కౌంటీ నుంచి ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ మళ్ళీ తెచ్చుకోవాలి. అది ఆగిందంటే గోడలు ఉంటాయి, తోడు పోతుంది. గొడవలు జరిగిన బిల్డింగుల గురించి వార్తల్లో చూస్తాం కదా, నేను చూసినంతలో వాటి వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

మీ బిర్యానీ సంగతి రాశారు కాబట్టి చెప్తున్నా, నెలకోసారి ప్రేమ విందు వాళ్ళతో కలిపి పెట్టుకోండి. ప్రార్థన చేస్తేనే అన్నం అనే షరతు మాత్రం పెట్టొద్దు. కారం కొంచెం తగ్గించండి.

పొటోమాక్_పక్కన

వర్జీనియా నుంచి. మా ఆర్లింగ్టన్‌లో ఇలాంటివి రెండున్నాయి, రెండూ రెండు రకాలు. క్లారెండన్‌లో మొదటి బాప్టిస్ట్ చర్చి వాళ్ళు మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న వాళ్ళ చోట పెద్ద బిల్డింగ్ లేపారు, కింద మందిరం, పైన ఫ్లాట్లు, పాత స్టీపుల్, అంటే చర్చి గోపురం, మాత్రం అలాగే ఉంచారు. మొత్తం 116 ఫ్లాట్లు, అందులో 70 తక్కువ అద్దెవి. పక్కింటివాళ్ళు కోర్టుకెళ్ళారు. చర్చి బిల్డింగ్‌కి ప్రభుత్వ డబ్బు సాయం చేయడం రాజ్యాంగం ప్రకారం తప్పు అని వాదించారు. ఫెడరల్ అప్పీల్ కోర్టు 2010లో ఆ కేసు కొట్టేసింది. ఈలోపు ఏళ్ళు గడిచిపోయాయి.

రెండోది కొలంబియా పైక్ మీద ప్రెస్బిటేరియన్ చర్చి. వాళ్ళు లీజు కూడా పెట్టుకోలేదు, స్థలం నాన్‌ప్రాఫిట్‌కి అమ్మేశారు, రాతి మందిరం కూల్చేశారు, అక్కడ గిలియమ్ ప్లేస్ అని 173 ఫ్లాట్లు 2019లో వచ్చాయి. ఆ సంఘం ఇప్పుడు అదే బిల్డింగ్‌లో కింద అంతస్తులో అద్దెకుంటోంది. మా కొలీగ్ ఒకాయన పెళ్ళి ఆ పాత మందిరంలోనే జరిగింది, ఆయనకి ఇప్పటికీ మింగుడుపడదు. నాకైతే ఆ సంఘానిది మామూలు గుండె కాదనిపిస్తుంది. అందరూ అలా చేయాలని కాదు. సొంత స్థలం ఉండి కూడా అద్దెకుండటానికి సిద్ధపడ్డారు, మనం అద్దెకుండి పార్కింగ్ కోసం కొట్టుకుంటున్నాం.

లూథరన్_తాతయ్య

బాబూ, మీ మామయ్య గారిది నా వయసే అయి ఉంటుంది, ఆయన మాట తీసెయ్యకండి. గుంటూరు వైపు పుట్టి పెరిగినవాణ్ణి. మిషన్ కాంపౌండ్ అంటే మాకు వేపచెట్లు, బోర్డింగ్ స్కూలు, ఆసుపత్రి, మధ్యలో గుడి. ఇప్పుడు చాలా ఊళ్ళలో ముందు షాపులు కనపడతాయి, గుడి ఎక్కడుందో వెతుక్కోవాలి. లీజు అని మొదలవుతుంది. కమిటీ మారుతుంది, కాగితం మారుతుంది, కోర్టులో కేసు నా తరం దాటి నా మనవడి తరానికి వస్తుంది. అక్కడ దొంగతనం ఎక్కడ జరిగిందంటే, ఎంతకిచ్చారు, ఎన్నేళ్ళకిచ్చారు అన్నది సంఘంలో కూర్చున్నవాళ్ళకి ఎప్పుడూ చదివి వినిపించలేదు. అందుకని ఆ లీజు కాగితం నోటీసు బోర్డు మీద పెడతారా అని అడగండి. పెడతామంటే సగం నమ్మొచ్చు.

అలాగని ఇదేదో అమెరికా వాళ్ళు కొత్తగా కనిపెట్టినట్టు కూడా మాట్లాడకండి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అనే ఆవిడ 1915 ప్రాంతంలో మొదలుపెట్టింది, దానికి పెద్ద మొత్తం ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. రోగులకి ఒట్టి వార్డు కాదు, ఉండటానికి కాటేజీలు, చేసుకోవడానికి పొలం పని, చేతి పని. ఊళ్ళు తరిమేసినవాళ్ళకి ఇల్లూ, పక్కన డాక్టరూ. మీ సపోర్టివ్ హౌసింగ్ అంటే ఇదే కదా! అప్పుడూ చుట్టుపక్కల వాళ్ళు భయపడే ఉంటారు.

ఆదివారం_రెండింటికి

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. తాతయ్య గారూ, మీ పోస్ట్ మా మామయ్య గారికి చదివి వినిపించాను, మొదటి పేరా అయ్యేదాకా చూశావా, చూశావా అంటూనే ఉన్నారు, రెండో పేరా అయ్యాక ఏమీ అనలేదు.

చర్చి ఆఫీసులో కనుక్కుంటే లీజే, అమ్మకం కాదు అని చెప్పారు. కేస్ మేనేజర్ల సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, నాన్‌ప్రాఫిట్ వాళ్ళు మీటింగ్‌కి వస్తారట, అక్కడ అడుగుతాను. ఇక నాకు మిగిలింది మా సంగతే. కట్టేటప్పుడు మేం ఎక్కడికి పోవాలి, కట్టాక ఆదివారం మా కార్లు ఎక్కడ పెట్టాలి?

కంకర_ఇసుక

కార్ల గురించి ఒక చట్టం ఉంది, 2020లో వచ్చిన ఏబీ 1851. చర్చి తన పార్కింగ్‌లో సగం దాకా ఇలాంటి ఇళ్ళకి వాడుకోవచ్చు, పోయిన దానికి బదులు చూపించమని సిటీ అడగడానికి లేదు. అంటే సిటీ పట్టించుకోదు, మీరే పట్టించుకోవాలి. పక్కన బడో, బ్యాంకో, డెంటల్ ఆఫీసో ఉంటే ఆదివారం వాళ్ళ పార్కింగ్ ఖాళీయే, చర్చి తరఫున ఒక ఒప్పందం రాయించమని అడగండి. నోటిమాటగా సరే అంటారు, మేనేజర్ మారితే బోర్డు పెట్టేస్తారు, కాబట్టి కాగితం మీద ఉండాలి.

కట్టేటప్పుడు మందిరం మూసెయ్యక్కర్లేదు, వెనక పని జరుగుతుంటే ముందు ఆరాధన జరుగుతుంది, ఆదివారం ఎలాగూ పని ఆపేస్తారు. ఇబ్బంది దేనికంటే వంటింటికి. మీ సండే స్కూల్ బిల్డింగ్‌లోనే కిచెన్ ఉందా, మందిరం పక్క హాల్లో ఉందా చూసుకోండి. కూల్చే దాంట్లో ఉంటే ఏడాదిన్నర, రెండేళ్ళు మీకు వంట ఉండదు. కొత్త బిల్డింగ్‌లో కమ్యూనిటీ రూమ్ పెడతారు గానీ అది ఆ ఫ్లాట్లలో ఉండేవాళ్ళ కోసం, మీకు ఇస్తారో లేదో ముందే మాట్లాడుకోవాలి. మీ అద్దె ఒప్పందం నెలనెలా లెక్కనా, ఏడాది లెక్కనా? నెలనెలా అయితే ఈ సందర్భంలోనే మూడేళ్ళకి రాయమని అడగండి. వాళ్ళకి ఇప్పుడు మీ సంఘం పక్కన నిలబడటం అవసరం, సిటీకి రాసే ఉత్తరాల్లో మీ సంతకాలు కావాలి. అడగడానికి ఇదే టైమ్.

నర్సమ్మ_లాంగ్‌బీచ్

ఉత్తరం రాస్తే ఇంగ్లిష్‌లో ఒకటి, కొరియన్ వాళ్ళతో కలిపి ఒకటి రాయండమ్మా. మూడు సంఘాలు కలిసి సంతకం పెట్టాయంటే కౌంటీ వాళ్ళు చదువుతారు. కేస్ మేనేజర్ల మాట కూడా అందులోనే పెట్టేయండి.

ఎదురింటాయన

నాకు ఒక్కటి చెప్పండి కంకర గారూ. మా దగ్గర ప్లాన్‌లో గేటు మా వీధి వైపే పెట్టారు, అటు పక్క మెయిన్ రోడ్డు ఉండగా. దాన్ని ఇప్పుడు మార్పించొచ్చా? బిల్డింగ్ ఆపలేనని అర్థమైంది, కనీసం రోజుకి యాభై కార్లు నా గుమ్మం ముందు నుంచి పోకుండా చూసుకుంటా.

కంకర_ఇసుక

సిటీకి డ్రాయింగులు ఇచ్చేశారా ముందు కనుక్కోండి. ఇవ్వకపోతే మారుతుంది, వాళ్ళకి పెద్ద ఖర్చు కూడా కాదు. ఇచ్చేసి ఉంటే మళ్ళీ ఫైర్ డిపార్ట్‌మెంట్ దగ్గరికి వెళ్ళాలి, ఫైరింజన్ తిరగడానికి చోటు లెక్కలన్నీ మారతాయి, అప్పుడు కష్టం. ఫిర్యాదులా కాకుండా గేటు అటు పెడితే నేనే మద్దతు లెటర్ ఇస్తానని రాయండి. అలాంటి లెటర్ పక్కింటివాళ్ళ దగ్గర్నుంచి వస్తే మా ఆఫీసులో అయితే ఫ్రేమ్ కట్టిస్తాం.

ఎదురింటాయన

రాస్తా. మద్దతు అనే మాట మాత్రం గేటు మారాకే.